ఫోన్ రాకముందే పని మొదలవ్వాలి

సోమవారం పొద్దున్నే క్లయింట్ దగ్గర్నుంచి రిక్వైర్‌మెంట్ వస్తుంది. పోస్టు పేరు, ఊరు, ఎన్నేళ్ల అనుభవం, ఏమేం తెలిసుండాలి, జీతం ఎంతవరకు ఇస్తారు, ఎప్పటికి చేరాలి. ఈ కాగితాన్ని మేం జేడీ అంటాం. సాయంత్రానికల్లా మంచి ప్రొఫైల్స్ పంపాలి. నౌకరీ పోర్టల్ తెరుస్తాను. రిక్రూటర్లకు కనిపించే తెర వేరు, మీకు కనిపించేది వేరు. అందులో మాటలు వేస్తాను: జావా ఉండాలి, స్ప్రింగ్ బూట్ ఉండాలి, ఊరు హైదరాబాద్, నోటీస్ పీరియడ్ నెలలోపు. వేల పేర్లు వచ్చి పడతాయి. ఈమధ్య లాగిన్ అయినవాళ్లను పైకి తెచ్చుకుని చదవడం మొదలుపెడతాను. మొదటి రెండు మూడు పేజీల్లోనే కావలసినంత మంది దొరికితే నాలుగో పేజీ తెరవను.

నాలుగో పేజీలో ఉన్న కుర్రాడు పనికిరానివాడేం కాదు. కిందటి సంక్రాంతికి ప్రొఫైల్ పెట్టి మళ్లీ ముట్టుకోలేదు, అంతే. లేదంటే తనకు వచ్చిన పనిని నేను వెతికే మాటతో రాయలేదు. 'స్ప్రింగ్ బూట్' అని ఉండాల్సిన చోట 'లేటెస్ట్ ఫ్రేమ్‌వర్క్స్' అని రాసుకున్నాడు. అందుకే కాలేజీలకు క్లాసు చెప్పడానికి వెళ్లినప్పుడు ముందు ఆ తెర ఎలా ఉంటుందో బోర్డు మీద గీసి చూపిస్తాను. మీకూ అక్కణ్నుంచే చెబుతాను. మీరు కోరుకునే ఉద్యోగాల జేడీలు ఓ పది తీసి ముందు పెట్టుకోండి. అన్నిట్లో మళ్లీ మళ్లీ వచ్చే మాటల కింద గీత గీయండి. వాటిలో మీకు నిజంగా వచ్చినవి అవే అక్షరాలతో మీ ప్రొఫైల్‌లో, రెజ్యూమెలో ఉండాలి. వారానికి రెండుసార్లయినా లాగిన్ అయి ఏదో ఒక వరస సరిచేసి సేవ్ చెయ్యండి. రానివి మాత్రం రాయొద్దు. ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

నేను ఈ పని నేర్చుకున్నది అమీర్‌పేటలో. మైత్రీవనం దగ్గర సందులో, కోచింగ్ సెంటర్ల మధ్య ఇరుక్కున్న చిన్న కన్సల్టెన్సీ మాది. మెట్ల దగ్గర కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్లు, పక్కనే ఫ్యాకల్టీ నోట్సు అమ్మే జిరాక్సు షాపు. నౌకరీ 1997లోనే మొదలైంది, లింక్డిన్ 2003లో వచ్చింది. అయినా మా ఆఫీసులో చాలాకాలం కాగితాల దొంతరలే. మా సార్ ఫ్యాక్టరీల్లో పర్సనెల్ మేనేజరుగా జీవితమంతా చేసి, రిటైరయ్యాక ఆ ఆఫీసు పెట్టుకున్నారు. చేరిన కొత్తలో ఆయన నాచేత ఒక్క ఫోనూ చేయించలేదు. రెజ్యూమెల కట్ట ఇచ్చి, ఒక్కొక్కదాని పక్కన ఎర్ర పెన్నుతో తేదీలు మాత్రమే రాయమన్నారు. టెన్త్ ఎప్పుడు, ఇంటర్ ఎప్పుడు, డిగ్రీ ఎప్పుడు, మొదటి ఉద్యోగం ఎప్పుడు. "మధ్యలో ఖాళీ కనిపిస్తే అక్కడ ఆగమ్మా. అడుగు. తడబడకుండా చెప్పాడంటే వాడు పనికొస్తాడు" అనేవారు.

నేను మొట్టమొదట క్లోజ్ చేసిన పోస్టు అలాంటి ఖాళీ ఉన్న కుర్రాడిదే. ఖమ్మం వైపు నుంచి వచ్చాడు, బీకామ్. డిగ్రీ అయ్యాక గ్రూప్-2కి చదివాడు, రాలేదు. ఆ ఏళ్లు కనబడకుండా రెజ్యూమెలో లేని ట్యూషన్ సెంటర్ ఒకటి పుట్టించాడు. మా సార్ దాన్ని కొట్టేయించి ఒకే వరస రాయించారు: గ్రూప్-2 పరీక్షకు సన్నద్ధత, రెండుసార్లు రాశాను. ఇంటర్వ్యూలో ప్రశ్న సరిగ్గా ఆ వరస మీదే వచ్చింది. సిలబస్‌ను ఎలా విడగొట్టుకున్నాడో, ఎక్కడ మార్కులు పోయాయో, ఇక ఆపేద్దామని ఎందుకు అనుకున్నాడో కుర్రాడు నిదానంగా చెప్పాడట. అకౌంట్స్ అసిస్టెంటుగా తీసుకున్నారు. క్లయింట్ ఫోన్ చేసి సెలెక్టెడ్ అనగానే మా సార్ కింద బండి దగ్గర్నుంచి మిర్చిబజ్జీలు తెప్పించారు. గ్రూప్స్‌కి, డీఎస్సీకి, బ్యాంకు పరీక్షలకు ఏళ్లకేళ్లు చదివి ప్రైవేటు వైపు వచ్చే పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. అందరిచేతా ఆ వరసే రాయిస్తాను. ఆ చదువు దాచుకోవాల్సిన తప్పేమీ కాదు.

ఇక మన తెలుగువాళ్లను బాగా ఇబ్బందిపెట్టేది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో ఇంటిపేరుకు ఒక పొడి అక్షరమే. పాన్ కార్డులో ఇంటిపేరు చివరికి పోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి. 'శ్రీ' అన్న అక్షరాన్ని ఒక చోట ఎస్ఆర్ఐ అని, ఇంకో చోట ఎస్‌హెచ్‌ఆర్‌ఐ అని రాసి ఉంటుంది. చుట్టాలందరికీ ఇది ఒకే మనిషని తెలుసు. పీఎఫ్ ఆఫీసు కంప్యూటర్‌కు తెలియదు.

భీమవరం వైపు ఒకమ్మాయి గుర్తొస్తుంది. మెమోలో నాలుగు ముక్కల పేరు, ఆధార్‌లో చివరి ముక్క ఒక్కటే. రాత పరీక్ష, టెక్నికల్, హెచ్‌ఆర్ మూడు రౌండ్లూ చక్కగా దాటింది. చేరే ముందు కాగితాల పరిశీలనలో పేర్లు కలవలేదు. పాన్, ఆధార్ లింక్ కాలేదు, పీఎఫ్ ఖాతాకు కావలసిన యూఏఎన్ నంబరూ పుట్టలేదు. సరిచేసుకుని వచ్చేసరికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది. తర్వాతి బ్యాచ్‌ను కంపెనీ వాయిదా వేసింది. అంత చదువు చదివిన పిల్ల ఒక పేరు కోసం నెలల తరబడి ఇంట్లో కూర్చుంది. ఆ దిగులు నాకింకా పోలేదు.

అందుకని పద్ధతి చెబుతాను, వరస తప్పొద్దు. టెన్త్ మెమోనే మూలం అనుకోండి. అందులో పేరు మార్పించడం చాలా కష్టం కాబట్టి మిగతావాటినే దానికి తగ్గట్టు తెచ్చుకోవాలి. ముందు కాగితం మీద మీ పేరు అక్షరం అక్షరం, ఎక్కడ ఖాళీ వస్తుందో కూడా రాసుకోండి. మొదట ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత బ్యాంకు ఖాతా. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి మీసేవలోనో ఆధార్ కేంద్రంలోనో కూర్చున్నప్పుడు ఆపరేటర్ టైపు చేసింది తెర మీద మీ కళ్లతో చూసి ఒప్పుకోండి. ఇదంతా ఫైనలియర్ మొదటి సెమిస్టర్‌లోనే అయిపోవాలి. ఆఫర్ లెటర్ చేతికొచ్చాక పరుగెత్తితే లాభం లేదు.

కాగితాల్లో మూడు పొట్టి పేర్లు తెలుసుకోండి: పీసీ, సీఎంఎం, ఓడీ. ప్రొవిజనల్ సర్టిఫికెట్, అన్ని సెమిస్టర్ల మార్కులు కలిసిన మెమో, ఒరిజినల్ డిగ్రీ. మాలో ఎవరు ఫోన్ చేసినా 'పీసీ, సీఎంఎం ఉన్నాయా?' అనే అడుగుతాం. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు రాలేదని సర్టిఫికెట్లు కాలేజీలోనే ఆగిపోయిన పిల్లలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. మీది అదే పరిస్థితి అయితే ఇంటర్వ్యూ రోజునే హెచ్‌ఆర్‌కు చెప్పండి. కాలేజీ నుంచి ఒక లెటరు తెచ్చి గడువు అడగండి. ముందే చెప్పినవాళ్లకు గడువు ఇప్పించడానికి మేం ప్రయత్నిస్తాం. చేరే రోజు బయటపడితే మా చేతుల్లో ఏమీ ఉండదు.

ఫోన్‌తో దుప్పటి మీద పెట్టి తీసిన మెమో ఫొటోలు నాకు రోజూ వస్తాయి. ఒక మూల బొటనవేలు, ఇంకో మూల ఫ్యాన్ నీడ. జిరాక్సు షాపులో స్కానర్ మీద పెట్టించి ఒక్కో సర్టిఫికెట్‌ను ఒక్కో పీడీఎఫ్‌గా దాచుకోండి. కేంద్రం 2015లో తెచ్చిన డిజిలాకర్‌లో మీ బోర్డు, మీ వర్సిటీ ఇచ్చినవి ఉంటే అవీ దింపి పెట్టుకోండి. ఫైలుకు మీ పేరు, పోస్టు పేరు పెట్టండి. 'రెజ్యూమె న్యూ ఫైనల్' అన్న పేరుతో నా కంప్యూటర్లో ఎంతమందివి ఉన్నాయో లెక్కలేదు. వెతికి తెరిచే ఓపిక సాయంత్రం ఆరింటికి ఎవరికీ ఉండదు.

సీజీపీఏ సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. చాలా డ్రైవ్‌లకు అరవై శాతం కటాఫ్. హైదరాబాద్ జేఎన్‌టీయూ పద్ధతిలో సీజీపీఏ నుంచి అర పాయింటు తీసి పదితో గుణించాలి. 6.4 వస్తే 59 శాతం. ఎవరో చెప్పారని అదే 6.4ను సీబీఎస్‌ఈ టెన్త్ లెక్కలా 9.5తో గుణిస్తే 60.8 అవుతుంది. ఫారం నింపేటప్పుడు కటాఫ్ దాటినట్టే కనిపిస్తుంది, పరీక్ష రాస్తారు, సెలెక్ట్ కూడా అవుతారు. వెరిఫికేషన్‌లో లెక్క మళ్లీ చేస్తారు, ఆఫర్ పోతుంది. మీ వర్సిటీ ఏ సూత్రం ఇచ్చిందో రెగ్యులేషన్స్‌లో చూసుకుని దాన్నే వాడండి.

ఇప్పుడు రెజ్యూమె. ఫ్రెషర్‌కు ఒక పేజీ చాలు. కెరీర్ ఆబ్జెక్టివ్ అని నాలుగు వరసలు, చివర డిక్లరేషన్, తండ్రిగారి పేరు, హాబీలు, ఇవన్నీ తీసెయ్యండి. కొన్ని పాత ఫ్యాక్టరీలు ఇంకా బయోడేటా ఫారం అడుగుతాయి. వాళ్లకు వాళ్ల ఫారమే నింపండి. మిగిలిన చోటంతా మీరు చేసిన పనికి ఇవ్వండి.

ఒకసారి నా టేబుల్ మీద ఒకే కాలేజీ నుంచి నాలుగు రెజ్యూమెలు వచ్చాయి. నాలుగింట్లోనూ ఒకే వరస: జావాతో అటెండెన్స్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తయారుచేశాం. నలుగురూ ఒకే ప్రాజెక్టు టీమ్ మరి. అందులో ఒకమ్మాయిని కూర్చోబెట్టి అడిగాను.

"నువ్వేం చేశావమ్మా అందులో?"

"రిపోర్టుల భాగం మేడమ్."

"అంటే?"

"డెబ్బై అయిదు శాతం కంటే తక్కువ అటెండెన్స్ ఉన్నవాళ్ల లిస్టు తీయాలి మేడమ్. మొదట నా క్వెరీ చాలాసేపు తిరిగేది. ల్యాబ్ సార్ చెబితే ఇండెక్స్ వేశాను. అప్పట్నుంచి వెంటనే వచ్చేసింది."

"ఇదే రాయి. ల్యాబ్ సార్ చెప్పారన్నది ఇంటర్వ్యూలో చెప్పు."

అలాగే రాసింది. ప్యానెల్‌లో ఉన్నాయన ఇండెక్స్ అంటే ఏమిటి, ప్రతి కాలమ్‌కూ ఎందుకు వెయ్యకూడదు అని అడిగాడు. వేస్తే కొత్త వివరాలు ఎక్కించేటప్పుడు నెమ్మదిస్తుందని చెప్పింది. ఆ నలుగురిలో ముందు ఆఫర్ వచ్చింది ఆమెకే. మీ ప్రాజెక్టులోనూ అలాంటి వరస ఒకటి ఉంటుంది. ఎక్కడ ఆగిపోయారు, ఎలా కదిలారు అన్నదే ఆ వరస. దాన్ని పట్టుకోవడానికి ఒక సాయంత్రమంతా పట్టినా పట్టనివ్వండి.

రంగుల టెంప్లేట్ల జోలికి పోవద్దు. పెద్ద కంపెనీలు రెజ్యూమెలను ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లో వేస్తాయి. రెండు నిలువు వరసల డిజైన్లు, పట్టికలు, నైపుణ్యానికి చుక్కలు, బొమ్మలు ఉంటే అది కలగాపులగంగా చదువుతుంది. మీరే పరీక్షించుకోవచ్చు. మీ పీడీఎఫ్‌లోని అక్షరాలన్నీ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. ఫోన్ నంబరు, కాలేజీ పేరు, ప్రాజెక్టు వరసలు సరైన క్రమంలో వచ్చాయా? వస్తే సాఫ్ట్‌వేర్‌కూ దాదాపు అలాగే కనిపిస్తుంది. గజిబిజిగా వస్తే టెంప్లేట్ మార్చండి. ఈ చిట్కా నాకు నేర్పింది నా కింద చేరిన ట్రెయినీ కుర్రాడు. ఆ మరుసటి రోజు నుంచే నా క్లాసుల్లో చెప్పడం మొదలుపెట్టాను.

ఉద్యోగమంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే అనుకునే ఇళ్లు మనకు ఎక్కువ. జీడిమెట్లలో, పరవాడలో మందుల కంపెనీలకు బీఎస్సీ, ఎంఎస్సీ కెమిస్ట్రీ పిల్లలు ఎప్పుడూ కావాలి. వాళ్ల ఇంటర్వ్యూలు ఇంకో రకం. క్యూసీ పోస్టుకు వెళ్లిన శ్రీకాకుళం అమ్మాయిని హెచ్‌పీఎల్‌సీలో పీక్ టెయిలింగ్ వస్తే ఏం చూస్తావని అడిగారు. పుస్తకంలోని నిర్వచనం చెప్పకుండా, కాలమ్ పాతబడిందేమో, మొబైల్ ఫేజ్ పీహెచ్ తేడా వచ్చిందేమో, శాంపిల్ ఎక్కువ ఎక్కించామేమో అని వరసగా చెప్పింది. ఎంఎస్సీ ప్రాజెక్టులో ఆ మెషీన్ ముందు గంటలు గడిపిన పిల్ల కాబట్టి చెప్పగలిగింది. ల్యాబ్ అవకాశం వస్తే వదలొద్దని నేను అందుకే పోరుతుంటాను.

ఐటీఐ, డిప్లొమా పిల్లలకు అప్రెంటిస్‌షిప్ మంచి దారి. 1961 నాటి అప్రెంటిసెస్ చట్టం కింద కంపెనీలు శిక్షణలో స్టైపెండ్ ఇవ్వాలి, పూర్తయ్యాక సర్టిఫికెట్ వస్తుంది. కేంద్రం పోర్టళ్లలో పేరు నమోదు ఉచితం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలైంది, అటు శ్రీసిటీలో వరసగా ఫ్యాక్టరీలు. ఇలాంటి చోట్ల వెర్నియర్ కాలిపర్ చేతికిచ్చి కొలిచి చూపించమంటారు. డ్రాయింగ్ ముందు పెట్టి టాలరెన్స్ ఎంతో చెప్పమంటారు. ఇంటర్వ్యూకు ముందు వారం మీ ఐటీఐ వర్క్‌షాప్‌కు వెళ్లి ఇన్‌స్ట్రక్టర్‌గారిని అడిగి ఆ పనిముట్లు మళ్లీ చేత్తో పట్టుకోండి.

మా ఫోన్ ఎప్పుడొస్తుందో మీకు తెలియదు. బస్సులో ఉంటారు, పెళ్లిలో ఉంటారు. అప్పుడు 'సార్, పది నిమిషాల్లో నేనే చేస్తాను' అనండి, తప్పకుండా చెయ్యండి. ఆ పది నిమిషాల గడువు ఎవరూ కాదనరు. మొదటి ఫోన్‌ను స్క్రీనింగ్ అంటాం. అడిగేవి కొద్దే. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారు, వేరే ఊరు వెళ్తారా, నైట్ షిఫ్ట్ చేస్తారా, బాండ్ ఒప్పుకుంటారా, ఎప్పుడు చేరతారు. అనుభవం ఉన్నవాళ్లయితే ప్రస్తుత జీతం, ఆశించే జీతం, నోటీస్ పీరియడ్, మారడానికి కారణం. ఇంట్లో ముందే మాట్లాడుకుని ఈ జవాబులు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. 'నాన్నని అడిగి చెప్తాను' అన్నారంటే మేం తర్వాతి పేరుకు వెళ్లిపోతాం. నాన్నను అడగడం మంచిదే, కాకపోతే ఫోన్ రాకముందు అడగండి.

'మీ గురించి చెప్పండి' అన్న ప్రశ్నకు కూడా పద్ధతి ఉంది. ముందు తెలుగులో చెప్పి చూడండి. మీ అమ్మగారి ముందో, చెల్లి ముందో కూర్చుని నేనేం చదివాను, ఏం చేశాను, ఈ పనే ఎందుకు కావాలి అని చెప్పండి. వాళ్లకు అర్థమైతే విషయం మీ దగ్గర ఉన్నట్టే. ఆ తర్వాత చిన్న చిన్న వాక్యాలతో ఇంగ్లిషులోకి తెచ్చుకుని ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మా రంగంలో ఎంటీఐ అని ఒక మాట ఉంది, మాతృభాష యాస అని అర్థం. కాల్ సెంటర్ పోస్టులకు తప్ప దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. వాక్యం చివర మాట మింగెయ్యడం, కంఠస్థం చేసింది గబగబా అప్పజెప్పడం, ఇవే దెబ్బతీస్తాయి. గోదావరి యాసలో నిదానంగా ఇంగ్లిషు మాట్లాడేవాళ్లను చాలామందిని నేను మంచి కంపెనీలకు పంపాను.

2020 నుంచి మొదటి రౌండ్లు ఎక్కువగా వీడియోలోనే జరుగుతున్నాయి. వెలుతురు ముఖం మీద పడాలి, కిటికీ వీపు వెనక ఉండకూడదు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు మేలు. ల్యాప్‌టాప్ కళ్ల ఎత్తుకు రావాలంటే కింద నాలుగు పుస్తకాలు పెట్టండి. మీ ఊళ్లో కరెంటు ఏ వేళ పోతుందో మీకే తెలుసు, దాన్నిబట్టి టైమ్ అడగండి. రెండో సిమ్‌లో డేటా వేయించుకోండి. ఇంట్లో అందరికీ చెప్పి తలుపు దగ్గరికి వెయ్యండి.

ఈ వీడియో రౌండ్లలోనే ప్రాక్సీలు మొదలయ్యాయి. ఒకరు పెదవులు కదుపుతుంటే పక్క నుంచి ఇంకొకరు జవాబు చెప్పడం. ఒక ప్యానెల్‌లో నేనూ కూర్చున్నాను. అభ్యర్థి నీళ్లు తాగుతున్నాడు, జవాబు మాత్రం ఆగకుండా వస్తోంది. టెక్నికల్ ఆయన ఒక్క మాటా అనకుండా రౌండ్ ముగించేశాడు. ఆ పేరు ఆ కంపెనీ రికార్డుల్లో ఉండిపోయింది. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక తెర మీది జవాబు చదివేవాళ్లు పెరిగారు. కళ్లు ఎడమ నుంచి కుడికి పోతుంటాయి, ప్రశ్నకూ జవాబుకూ మధ్య ప్రతిసారీ ఒకే విరామం. ప్యానెల్ వాళ్లు వెంటనే 'మీ ప్రాజెక్టులో ఇది ఎక్కడ వాడారు?' అని అడుగుతారు. అక్కడితో ఆగిపోతుంది. చాట్‌జీపీటీని ఇంటర్వ్యూకు ముందు వాడుకోండి. జేడీ ఇచ్చి ప్రశ్నలు వేయించుకోండి, మీ జవాబులో లోపాలు చెప్పమనండి. నేనూ నా విద్యార్థుల చేత అలాగే చేయిస్తున్నాను.

రానివి రాయొద్దన్నాను కదా. లేని కంపెనీలో మూడేళ్ల అనుభవం, నకిలీ పేస్లిప్పులు, నకిలీ రిలీవింగ్ లెటర్ అమ్మే దుకాణాలు ఉన్నాయి. అందరూ పెట్టుకుంటున్నారు, మనమూ పెట్టుకుందాం అని పక్క రూమ్ అబ్బాయి చెబుతాడు. ఒకప్పుడు కొందరు గట్టెక్కి ఉండొచ్చు. 2014లో యూఏఎన్ వచ్చాక పీఎఫ్ చరిత్ర మొత్తం ఒకే నంబరు కింద కనిపిస్తోంది. ఎక్కడ చేరారు, ఎప్పుడు మానేశారు, ఎన్ని నెలలు డబ్బు జమైంది. బీజీవీ అంటే నేపథ్య పరిశీలన. అది చేసే ఏజెన్సీలు ఈ పీఎఫ్ చరిత్రనూ, ఆదాయపు పన్ను రికార్డులనూ చూస్తాయి. చేరిన ఎనిమిది నెలలకు రిపోర్టు వచ్చి, అదే రోజు మధ్యాహ్నం ఐడీ కార్డు ఇచ్చేసి బయటికి వచ్చిన కుర్రాణ్ని నేనే గేటు దాకా పంపాల్సి వచ్చింది. ఇంట్లో పెళ్లి కుదిరి ఉంది. పని బాగానే చేసేవాడు కూడా. ఫ్రెషర్‌గానే వచ్చి ఉంటే తక్కువ జీతంతోనైనా ఈపాటికి స్థిరపడేవాడు.

డబ్బు అడిగే ఉద్యోగం వద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రెయినింగ్ చార్జీ, పేరు ఏదైనా సరే. ఆఫర్ లెటర్ కంపెనీ సొంత డొమైన్ మెయిల్ నుంచి వచ్చిందా, ఆ కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉందా చూసుకోండి. మోసపోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి. విదేశాలకైతే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈమైగ్రేట్ పోర్టల్‌లో తెలుస్తుంది. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. తెలంగాణవాళ్లకు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి మన పిల్లలను కంబోడియాకు పంపి సైబర్ మోసాలు చేయించిన వ్యవహారాన్ని 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి రమ్మంటే కదలకండి.

ఆఫర్ వచ్చాక జీతం లెక్క మీరే వేసుకోండి. సీటీసీ అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు. ఏడాదికి 3,60,000 సీటీసీ అంటే నెలకు 30,000 చేతికొస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. బేసిక్ 15,000 అనుకుందాం. కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 1,800, గ్రాట్యుటీ కింద 721, రెండూ ఆ ముప్పై వేలల్లోవే. మిగిలిన 27,479లో మీ పీఎఫ్ వాటా 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికి 25,479. వేరియబుల్ పే, ఇన్సూరెన్స్ కూడా సీటీసీలో కలిపి ఉంటే ఇంకా తగ్గుతుంది. ఆ అంకె పెట్టుకుని గచ్చిబౌలిలో హాస్టల్ ఫీజు, బస్సు పాస్, ఇంటికి పంపేది లెక్కేసుకోండి. హెచ్‌ఆర్‌ను విడివిడిగా రాసి ఇవ్వమనడానికి మొహమాటపడొద్దు. మేం రోజూ ఇచ్చేదే అది.

రెండు ఆఫర్లు చేతిలో ఉండి ఒకదాన్ని ఎంచుకుంటే, రెండోవాళ్లకు ఆ రోజే చెప్పండి. ఫోన్ ఆపేసి, చేరే రోజు రాకుండా ఉండిపోయేవాళ్లను మేం నో-షో అని రాసుకుంటాం. మీకు దొరకాల్సింది మీకు దొరికింది, సంతోషం. ఆ రెండో సీటు కోసం లైనప్‌లో ఇంకో కుర్రాడో అమ్మాయో ఉంటారు. 'వద్దండీ, వేరే చోట చేరుతున్నాను' అని మీరు ఒక్క మాట చెబితే, ఆ సాయంత్రమే వాళ్లకు ఫోన్ చేస్తాను.